చెరువులో పోషకాల కాలుష్యాన్ని జంతు ప్లవకాలతో పసిగట్టడం ఎలా?

"నీళ్ల పరీక్ష కిట్‌తో చూస్తే ఫాస్ఫేట్ తక్కువే ఉంది, నీళ్లు చూస్తే పచ్చగా ఉన్నాయి, దేన్ని నమ్మాలి?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది, అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పకుండా పద్ధతంతా ఒకచోట రాస్తున్నాను. పోషకాల కాలుష్యం అంటే మురుగు, ఎరువుల ద్వారా ఫాస్ఫరస్, నైట్రోజన్ ఎక్కువగా చేరి నీళ్లలో నాచు విపరీతంగా పెరగడం. ముందు ఆ ప్రశ్నకు జవాబు: రెండూ నిజమే కావచ్చు. మామూలు కిట్ కొలిచేది నీళ్లలో కరిగి ఉన్న ఫాస్ఫేట్‌ని మాత్రమే. నాలాలో వచ్చిన ఫాస్ఫరస్‌ని నాచు అప్పటికే తినేసి ఉంటే అది నాచు ఒంట్లో ఉంటుంది, కిట్‌కి దొరకదు. మొత్తం ఫాస్ఫరస్ తెలియాలంటే ల్యాబ్‌లో యాసిడ్‌తో ఉడికించి చేసే పరీక్ష కావాలి, దానికి డబ్బు కావాలి, పైగా అది కూడా ఆ ఒక్క పూట సంగతే చెబుతుంది.

అందుకని ఆ నాచును, దాంతోపాటు పెరిగే బ్యాక్టీరియాను తిని బతికే, నీళ్లలో తేలియాడే చిన్న జీవుల దగ్గరికి వెళ్దాం. పాఠ్యపుస్తకాల్లో వీటిని జంతు ప్లవకాలు అంటారు, భీమవరం, కైకలూరు వైపు చేపల రైతులైతే జూప్లాంక్టన్ అనే అంటారు. వీటిలో అన్నింటికంటే చిన్నవైన రోటిఫర్లు వెచ్చటి నీళ్లలో ఒకట్రెండు రోజుల్లోనే ఎదిగి గుడ్లు పెడతాయి, కాస్త పెద్ద జీవులకు వారాలు పడుతుంది. కాబట్టి ఇవాళ వలలో ఎవరు ఎక్కువ పడ్డారు, ఎవరు అసలు పడలేదు అన్నది చూస్తే ఆ నీళ్లకు గత కొన్ని వారాలుగా ఏం అందుతోందో తెలుస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఏదో ఒక జీవి కనిపించగానే చెరువు పాడైందని తేల్చేయకండి. ఇక్కడ సాక్ష్యం చెప్పేది మొత్తం గుంపు, అందులో ఎవరి వాటా ఎంత అన్నది, అది నెలలు గడిచేకొద్దీ ఎటు పోతోంది అన్నది. ఒక్క శాంపిల్‌తో పేపర్‌కి ఎక్కినవాళ్లను చూశాను, తర్వాత ఎవరైనా అడిగితే నిలబెట్టుకోలేరు, చెరువుకే నష్టం.

ఇంకోటి, పశువుల ఎరువు, కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ వేసి పెంచే చేపల చెరువుకు ఈ పద్ధతి వాడొద్దు. అక్కడ ప్లాంక్టన్ పెరగాలనే ఎరువు వేస్తారు. ఇది ఊరి చెరువులకు, కుంటలకు, రిజర్వాయర్లకు.

ఏమేం కావాలి

- ప్లాంక్టన్ వల. రంధ్రాలు 50 నుంచి 60 మైక్రాన్లు ఉండాలి. జువాలజీ ల్యాబ్‌లలో 25వ నంబర్ బోల్టింగ్ సిల్క్ అని అడుగుతారు, అది ఇంచుమించు ఈ కొలతే. ఆక్వా సామగ్రి అమ్మే షాపుల్లో వల దొరుకుతుంది కానీ కొనే ముందు మైక్రాన్లు ఎంతో తప్పకుండా అడగండి, ఎందుకంటే 150 మైక్రాన్ల వలలోంచి రోటిఫర్లు దాదాపు అన్నీ జారిపోతాయి, మనకు ముఖ్యంగా కావాల్సింది అవే. దోమతెర, చీర ముక్క పనికిరావు.
- కొలత గీతలున్న బకెట్ లేదా మగ్గు.
- 100 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాలు, పెన్సిల్, మందపాటి కాగితం ముక్కలు.
- సెక్కీ డిస్క్, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో కొలవడానికి. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి రేకును నాలుగు భాగాలు చేసి ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు పెయింట్ వేసి, మధ్యలో తాడు కట్టి, కింద బరువు వేలాడదీస్తే సరిపోతుంది. తాడుకు పది సెంటీమీటర్లకొక ముడి.
- ఫార్మలిన్ లేదా ఆల్కహాల్, పంచదార, ఒక సోడా (తియ్యటిది కాదు, రంగు లేని ఉత్త సోడా).
- 40 రెట్లు, 100 రెట్లు చూపించే మైక్రోస్కోప్. సొంతంగా లేకపోతే దగ్గర్లోని డిగ్రీ కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంట్‌ని అడగండి, చాలాచోట్ల సంతోషంగా ఇస్తారు. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితం మైక్రోస్కోప్ ఫోల్డ్‌స్కోప్ దాదాపు 140 రెట్లు చూపిస్తుంది. దాంతో జీవుల్ని గుర్తుపట్టవచ్చు, లెక్కపెట్టడం మాత్రం కష్టం.
- సెడ్జ్‌విక్ రాఫ్టర్ స్లైడు. సరిగ్గా 1 మిల్లీలీటర్ పట్టే, అడుగున గళ్లున్న స్లైడు ఇది.
- రబ్బరు గ్లవ్స్, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, లైఫ్ జాకెట్.

గ్లవ్స్, బూట్లు ఎందుకని బద్ధకించకండి. మురుగు కలిసే చెరువు ఇది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కాళ్ల మీద చిన్న గాటు ఉన్నా చాలు.

1. రెండు చెరువులు ఎంచుకోండి, ఒకటి కాదు

అందరూ వదిలేసే అడుగు ఇదే. అనుమానమున్న చెరువుతో పాటు, అదే ప్రాంతంలో ఇంచుమించు అంతే లోతుండి మురుగు కలవని చెరువును కూడా పట్టుకోండి. పుస్తకాల్లో కనిపించే హద్దులు ఎక్కువగా చలిదేశాల సరస్సులవి, ఏడాది పొడవునా వెచ్చగా ఉండే మన నీళ్లకు యథాతథంగా సరిపోవు. పోల్చడానికి మంచి చెరువు పక్కన లేకపోతే మీ అంకెలకు అర్థం ఉండదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈ తేడా కళ్ల ముందే ఉంది: కూకట్‌పల్లి నాలా దశాబ్దాల పాటు మోసుకొచ్చిన మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు తాగిన హుస్సేన్ సాగర్ ఒకవైపు, తాగునీటి కోసం 1920లో కట్టిన గండిపేట మరోవైపు. వరంగల్ వైపు కాకతీయుల కాలం నాటి పాకాల చెరువు అడవి మధ్యలో ఉంది. అయితే తాగునీటి జలాశయాల్లో సంబంధిత శాఖ అనుమతి, అభయారణ్యంలో ఉన్నవాటికి అటవీశాఖ అనుమతి లేకుండా వల దించకండి. ఊరి చెరువైతే మత్స్య సహకార సంఘం వాళ్లకు ముందుగా చెప్పండి. వల పట్టుకుని కట్ట మీద తిరిగితే చేపల కోసం వచ్చారనుకుంటారు, పైగా పుట్టి గానీ థర్మాకోల్ తెప్ప గానీ వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఒక్కో చెరువులో కనీసం మూడు చోట్లు పెట్టుకోండి: నాలా కలిసే చోట, మధ్యలో, తూము దగ్గర. నాలా దగ్గర రోటిఫర్లు ఎక్కువగా ఉండి తూము దగ్గరకొచ్చేసరికి తగ్గితే ఆ తేడాయే మీకు దొరికిన పెద్ద ఆధారం.

ఒడ్డున నిలబడి గుర్రపు డెక్క పక్కన బకెట్ ముంచితే మాత్రం మొక్కల్ని అంటిపెట్టుకుని బతికే జీవులే వస్తాయి, నడి చెరువు సంగతి తెలియదు. కనీసం మొక్కలు లేని చోటు దాకా వెళ్లండి.

2. టైం, సీజన్ మార్చకండి

చాలా జంతు ప్లవకాలు ఎండెక్కగానే లోతుకు దిగిపోయి రాత్రికి పైకి వస్తాయి. ఉదయం 6 నుంచి 8 మధ్య తీయండి, ప్రతిసారీ అదే టైంకి. ఒక చెరువును పొద్దున, రెండోదాన్ని మధ్యాహ్నం తీసి పోల్చారో, ఆ పోలిక దేనికీ పనికిరాదు.

నెలకొకసారి చొప్పున ఏడాది తీస్తే అన్నింటికంటే మంచిది. అంత ఓపిక లేకపోతే ఫిబ్రవరి నుంచి మే దాకా తీయండి. నీళ్లు తగ్గి పోషకాలు చిక్కబడే కాలం అది, చెరువు అసలు స్థితి అప్పుడే బయటపడుతుంది. పెద్ద వాన పడ్డాక, అలుగు పారుతున్నప్పుడు తీయొద్దు. వరద నీళ్లు ప్లవకాల్ని పలుచన చేసి బయటికి తోసేస్తాయి, మీరేమో చెరువు బాగుపడిందనుకుంటారు. వాన తగ్గాక కనీసం రెండు వారాలు ఆగండి.

చేపపిల్లలు ఎప్పుడు వదిలారో కూడా అడిగి రాసుకోండి. అది ఎందుకో 8వ అడుగులో చెబుతాను.

3. వల దించకముందే కొన్ని కొలతలు

సెక్కీ డిస్క్‌ని నీడ ఉన్న వైపు నుంచి దించండి. అది కనపడకుండా పోయే లోతు, మళ్లీ పైకి లాగితే కనిపించే లోతు, రెండింటి సగటు రాయండి. సరస్సుల్లో పోషకాల స్థాయిని అంచనా వేయడానికి కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త 1977లో ఇచ్చిన సూచిక ప్రకారం ఆ లోతు 4 మీటర్లయితే విలువ 40, 2 మీటర్లయితే 50, 1 మీటరైతే 60, అర మీటరైతే 70. 50 దాటితే పోషకాలు ఎక్కువైన నీళ్లు, 70 దాటితే పరిస్థితి చాలా దూరం పోయినట్టు. మన చెరువుల్లో ఒక చిక్కుంది: డిస్క్ కనిపించకపోవడానికి నాచు కారణమా, రేగడి బురద కారణమా అన్నది ఈ అంకె చెప్పదు. ఒక లీటరు నీళ్లు తెల్లటి గుడ్డలో వడకట్టండి, గుడ్డ ఆకుపచ్చగా మారితే నాచు, మట్టి రంగు అంటితే బురద. బురదైతే సెక్కీ అంకెను పక్కన పెట్టేయండి.

నీటి ఉష్ణోగ్రత, వాసన, రంగు, పైన పచ్చటి తెట్టు ఉందా, నురగ ఉందా, అన్నీ అక్కడే రాయండి. ఇంటికొచ్చి రాద్దామనుకుంటే సగం మర్చిపోతారు. తెట్టును ఉత్త చేతులతో ముట్టుకోకండి, అందులో ఉండే మైక్రోసిస్టిస్ లాంటి నీలి ఆకుపచ్చ నాచులు విషం విడుదల చేయగలవు, పశువుల్ని కూడా అక్కడ తాగనివ్వకండి.

4. వడకట్టడం

మామూలు చెరువుకు 50 లీటర్లు. చాలా పచ్చగా ఉంటే 20 చాలు, తేటగా ఉన్న రిజర్వాయర్‌లో 100 కావాలి. ఎన్ని లీటర్లయినా ఫర్వాలేదు, ఎన్నో కచ్చితంగా రాయాలి.

బకెట్‌ని మెల్లిగా వలలో వంచండి. వల నోటి దాకా నీళ్లు ఎక్కి పొర్లుతున్నాయంటే నాచుతో రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం, వెంటనే ఆపి, అప్పటికి ఎన్ని లీటర్లయిందో రాసి, ఇంకో శాంపిల్ మొదలుపెట్టండి. పొర్లిపోయిన నీళ్లతో పాటు జీవులూ పోతాయి, మీ లెక్కలో మాత్రం ఆ లీటర్లు ఉంటాయి, దాంతో బాగా పాడైన చెరువే తక్కువ సంఖ్య చూపిస్తుంది. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

అయిపోయాక వలను బయటి వైపు నుంచి కడగండి, లోపలి వైపు నుంచి కాదు. గోడలకు అంటుకున్నవన్నీ కింద ఉన్న గిన్నెలోకి దిగాలి. సీసాలోకి వంపి, మళ్లీ కడిగి, ఆ నీళ్లూ అందులోనే పోయండి. తర్వాతి అడుగులో చెప్పే సోడా, మందు కలిపాక మొత్తం 100 మిల్లీలీటర్ల గీతకు రావాలి, కాబట్టి వాటికి చోటు ఉంచుకోండి.

లోతైన రిజర్వాయర్‌లో పై నీళ్లు చాలవు. అక్కడ బరువు కట్టిన వలను కిందికి దించి నిలువుగా, నెమ్మదిగా పైకి లాగాలి. వల నోరు 30 సెంటీమీటర్ల వెడల్పుండి 5 మీటర్లు లాగితే దాదాపు 353 లీటర్లు వడకట్టినట్టు లెక్క (3.14 × 0.15 × 0.15 × 5 ఘనపు మీటర్లు). వల మూసుకుపోతే నిజంగా వెళ్లింది అంతకంటే తక్కువే ఉంటుంది కాబట్టి ఈ అంకెను ఉజ్జాయింపుగానే తీసుకోండి. నిలువు వలతో వచ్చినదాన్ని బకెట్‌తో వచ్చినదానితో పోల్చకండి.

ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు వెళ్లే ముందు వలను మంచినీళ్లలో బాగా కడిగి ఎండలో ఆరబెట్టండి. లేకపోతే నిన్నటి చెరువు జీవులు ఇవాళ్టి సీసాలో కనిపిస్తాయి, పైగా ఒక చోటి జీవుల్ని ఇంకో చోటికి మీరే మోసుకెళ్లినట్టవుతుంది.

5. నిల్వ చేయడం

వీలైతే ఒక సీసాలో శాంపిల్‌ని నిల్వ మందు (ఫార్మలిన్ లేదా ఆల్కహాల్) కలపకుండా తెచ్చుకుని కొన్ని గంటల్లోనే బతికుండగా చూడండి. కదలికను బట్టి గుర్తుపట్టడం సులువు, కొన్ని రోటిఫర్లు మందు తగలగానే ముడుచుకుపోయి ఏదో తెలియకుండా తయారవుతాయి. అందుకే లెక్కపెట్టాల్సిన సీసాలో ముందు కొంచెం సోడా కలిపి పది నిమిషాలు ఉంచండి. అందులోని కార్బన్ డయాక్సైడ్‌కి జీవులు మత్తుగా ఒళ్లు సడలించుకుంటాయి, ఆ తర్వాత మందు కలపండి. ఎంత సోడా పోశారో చూసుకుని, చివరి పరిమాణంలో దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

ఫార్మలిన్ అయితే 95 మిల్లీలీటర్ల శాంపిల్‌కి 5 మిల్లీలీటర్లు. దాంతో పాటు ఒక చిన్న చెంచాడు, అంటే సుమారు 4 గ్రాముల పంచదార కలపండి. ఇది లేకపోతే డాఫ్నియా లాంటి పెంకున్న చిన్న జీవుల పెంకు ఉబ్బి, లోపలి గుడ్లు బయటికి రాలిపోతాయి. ఫార్మలిన్ విషం, క్యాన్సర్ కారకం. గాలి ఆడే చోట, గ్లవ్స్ వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని కలపండి, పిల్లలతో చేయించకండి, వంటింటి దరిదాపుల్లో పెట్టకండి. స్కూలు పిల్లలతో చేస్తుంటే ఫార్మలిన్ అసలే వద్దు, 95 శాతం ఆల్కహాల్ వాడండి: ఒక వంతు శాంపిల్‌కి మూడు వంతుల ఆల్కహాల్ పోస్తే 70 శాతానికి వస్తుంది.

సీసా లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ వేయండి: చెరువు పేరు, చోటు, తేదీ, టైం, ఎన్ని లీటర్లు. పెన్ను వద్దు, ఆల్కహాల్‌కి చెరిగిపోతుంది. మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి.

6. గుర్తుపట్టడం

జాతి పేర్ల దగ్గర టెన్షన్ పడొద్దు. మొదట్లో గుంపులు, కొన్ని ముఖ్యమైన ప్రజాతులు చాలు.

రోటిఫర్లు అన్నింటికంటే చిన్నవి, తల దగ్గర సన్నటి వెంట్రుకల వలయం గిరగిరా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. వీటిలో నాలుగింటిని బాగా నేర్చుకోండి. బ్రాకియోనస్‌కు గట్టి పెంకు, ముందు ముళ్లు, వెనక ముడతలున్న, లోపలికి లాక్కోగల పాదం ఉంటాయి. కెరటెల్లాకు పెంకు మీద గళ్లు ఉంటాయి, పాదం ఉండదు. ఫిలీనియాకు మూడు పొడవాటి వెంట్రుకలు. ట్రైకోసెర్కా వంపు తిరిగిన ఒంటితో, వెనక ఒక పొడవాటి సూదిలాంటి వేలుతో ఉంటుంది. బ్రాకియోనస్‌ని, కెరటెల్లాని కలిపేయడం మామూలే, అనుమానం వస్తే పాదం కోసం వెతకండి, కాకపోతే అది లోపలికి ముడుచుకుని ఉండొచ్చని గుర్తుంచుకోండి.

క్లాడోసెరాలకు ఒంటి మీద రెండు పలకల పారదర్శకమైన పెంకు, ఒక పెద్ద నల్లటి కన్ను, ఈదడానికి కొమ్మలుగా చీలిన చేతులు. మన చెరువుల్లో మొయినా, సెరియోడాఫ్నియా, డయాఫనోసోమా ఎక్కువగా కనిపిస్తాయి. బోస్మినాకు ముందు ఏనుగు తొండంలా వంగినవి రెండు ఉంటాయి, ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు.

కోపిపాడ్‌లు తల దగ్గర మీసాలున్న, రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న జీవులు. వీటిలో రెండు రకాల్ని విడదీయడం తప్పనిసరి. మీసాలు ఒంటి చివరిదాకా లేదా దాన్ని దాటి ఉంటే కలనాయిడ్. మీసాలు పొట్టిగా, ఒంట్లో సగం దగ్గరే ఆగిపోతే సైక్లోపాయిడ్. ఆడదానికి గుడ్ల సంచులు రెండు పక్కలా రెండుంటే సైక్లోపాయిడ్, మామూలుగా ఒక్కటే ఉంటే కలనాయిడ్. బతికున్నప్పుడు చూస్తే కలనాయిడ్ నింపాదిగా జారుతూ పోతుంది, సైక్లోపాయిడ్ గెంతుతుంది. వీటి పిల్లలైన నాప్లియస్‌లను ఏ రకమో చెప్పడం కష్టం, విడిగా ఒక వరుసలో లెక్కపెట్టి పెట్టుకోండి.

వాల్వాక్స్, సెరాషియం కదులుతాయి కానీ అవి నాచు రకాలు, మనం లెక్కపెట్టే జీవులు కావు. లోపల ఏమీ లేని ఖాళీ పెంకుల్ని కూడా వదిలేయండి, అవి ఎప్పటివో తెలియదు.

7. లెక్కపెట్టడం

సీసాను గుండ్రంగా తిప్పకుండా అటూ ఇటూ మెల్లిగా వంచుతూ కలపండి. తిప్పితే బరువైనవి మధ్యకు చేరతాయి. వెడల్పు నోరున్న పిపెట్‌తో 1 మిల్లీలీటర్ తీసుకోండి, సన్న మొన పిపెట్‌లోకి పెద్ద జీవులు ఎక్కవు. స్లైడు మీద కవర్ గ్లాస్‌ని ఏటవాలుగా పెట్టి నింపితే గాలి బుడగలు రావు. మూడుసార్లు తీసి మూడుసార్లు లెక్కపెట్టండి.

లీటరుకు సంఖ్య = (1 మిల్లీలీటర్‌లో సగటు × సీసాలో మొత్తం మిల్లీలీటర్లు) ÷ వడకట్టిన లీటర్లు.

ఉదాహరణకు మూడు లెక్కలు 84, 96, 90 వస్తే సగటు 90. సీసాలో 100 మిల్లీలీటర్లు, వడకట్టింది 50 లీటర్లు. 90 × 100 ÷ 50 = 180. అంటే లీటరుకు 180 జీవులు.

ఎన్ని లెక్కపెట్టాలి అని చాలామంది అడుగుతారు. మొత్తం 100 జీవుల్ని లెక్కపెడితే మీ అంకె 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, 400 లెక్కపెడితే 10 శాతం. 30 జీవుల్ని లెక్కపెట్టి శాతాలు వేయడం మాత్రం వద్దు. జీవులు అంత తక్కువగా ఉంటే శాంపిల్‌ని ఇంకా చిక్కబరచండి లేదా ఎక్కువ స్లైడులు చూడండి.

8. అంకెల్ని చదవడం

మొదట కలనాయిడ్‌ల వాటా చూడండి. కలనాయిడ్‌ల సంఖ్యను సైక్లోపాయిడ్‌లు, క్లాడోసెరాల మొత్తంతో భాగించాలి, నాప్లియస్‌లు వద్దు. పోషకాలు పెరిగేకొద్దీ ఈ అంకె పడిపోవడం ఉత్తర అమెరికాలోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్లో గమనించారు. కలనాయిడ్‌లు తిండిని ఏరుకుని తింటాయి, తిండి పలుచగా ఉన్న నీళ్లలోనూ నెట్టుకొస్తాయి, నాచు చిక్కబడ్డ చోట మిగతావాటి ముందు వెనకబడతాయి. మీ మంచి చెరువులో 0.7 వచ్చి అనుమానమున్న చెరువులో నెల తర్వాత నెల 0.1 దగ్గరే ఉంటే అది గట్టి సంకేతం.

తర్వాత బ్రాకియోనస్. బ్రాకియోనస్ జాతులు ఎన్ని, ట్రైకోసెర్కా జాతులు ఎన్ని అని చూసి మొదటిదాన్ని రెండోదానితో భాగించే పద్ధతిని స్లాడెచెక్ అనే శాస్త్రవేత్త 1983లో ఇచ్చాడు. 1 కంటే తక్కువైతే పోషకాలు తక్కువ, 1 నుంచి 2 మధ్యస్థం, 2 దాటితే ఎక్కువ. మన దేశపు పరిశోధనల్లో దీన్ని తెగ వాడతారు. నా అభిప్రాయం చెప్పమంటే దీని మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు, వెచ్చటి నీళ్లలో బ్రాకియోనస్ జాతులు సహజంగానే ఎక్కువ కాబట్టి ఓ మోస్తరు మంచి చెరువు కూడా 2 దాటేయవచ్చు. దానికంటే మొత్తం రోటిఫర్లలో బ్రాకియోనస్‌ల శాతం ఎంత, అది మంచి చెరువులో ఎంత అన్న పోలికే నాకు నమ్మకంగా అనిపిస్తుంది.

మూడోది రకాలు తగ్గి సంఖ్య పెరగడం. బ్రాకియోనస్, ఫిలీనియా, మొయినా, సైక్లోపాయిడ్‌లు, ఈ నాలుగే శాంపిల్‌నంతా నింపేసి మిగతావి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయంటే మురుగు నేరుగా కలుస్తోందని అనుమానించండి. మొయినా ఆక్సిజన్ తక్కువున్న మురికి నీళ్లను కూడా బాగా తట్టుకుంటుంది.

ఇప్పుడు చేపల సంగతి. పెద్ద క్లాడోసెరాలు కనిపించకపోతే కాలుష్యం అనేస్తారు చాలామంది. కానీ బొచ్చె పైనీళ్లలో తిరుగుతూ జంతు ప్లవకాల్నే తింటుంది, చేపపిల్లలు ఏ రకమైనా చిన్నప్పుడు వీటి మీదే బతుకుతాయి. చేపలు కంటికి కనిపించే పెద్దవాటిని ముందు తినేస్తాయి, అప్పుడు పోటీ తగ్గి రోటిఫర్లు పెరుగుతాయి. అంటే చేపలు ఎక్కువైనా, పోషకాలు ఎక్కువైనా వలలో కనిపించే బొమ్మ ఇంచుమించు ఒకటే. తెలంగాణలో ప్రభుత్వమే చెరువుల్లో చేపపిల్లల్ని వదులుతోంది, కాబట్టి ఆ తేదీలు సంఘం వాళ్లను అడగండి. పిల్లల్ని వదలకముందు, వదిలిన రెండు నెలలకు తీసి చూడండి. సెక్కీ లోతు కూడా తగ్గి, బ్రాకియోనస్ వాటా కూడా పెరిగి, నాలా దగ్గర నుంచి తూము దాకా తేడా కూడా కనిపిస్తేనే పోషకాల మీద వేలు చూపించండి.

ఇక నీళ్లు పచ్చగా ఉన్నా వల దాదాపు ఖాళీగా వచ్చిందనుకోండి. ఇది వేరే కథ. పురుగుమందు గానీ ఫ్యాక్టరీ నీళ్లు గానీ కలిశాయేమో, తెల్లవారుజామున ఆక్సిజన్ పూర్తిగా పడిపోతోందేమో చూడాలి. దీన్ని మంచి సంకేతంగా మాత్రం రాసుకోకండి.

ఫలితం సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

వలలోంచి కిందికి కారిన నీళ్లను ఒక గ్లాసులో పట్టి, అడుగున పేరుకున్నదాన్ని మైక్రోస్కోప్ కింద చూడండి. అందులో రోటిఫర్లు కనిపిస్తే వల రంధ్రాలు పెద్దవి లేదా ఎక్కడో చిరిగింది.

వలను కడిగాక మళ్లీ ఒకసారి కడిగి ఆ నీళ్లు చూడండి. అందులో జీవులుంటే మొదటి కడుగు చాలలేదు.

ఒకే చోట వెంటవెంటనే రెండు శాంపిళ్లు తీయండి. రెండింటి మధ్య తేడా నాలా దగ్గరకూ తూము దగ్గరకూ ఉన్న తేడా అంత ఉంటే మీరు చూస్తున్నది కాలుష్యం కాదు, శాంపిల్ తీయడంలో ఉన్న లోపం. గాలి వల్ల కూడా ఇలా జరుగుతుంది, ప్లవకాలు, తెట్టు ఒకవైపు ఒడ్డుకు కొట్టుకుపోయి గుమిగూడతాయి. గాలి ఎక్కువగా ఉన్న రోజు మానేయండి.

చీటీలు చూడకుండా లెక్కపెట్టించండి. ఏ సీసా ఏ చెరువుదో తెలియని స్నేహితుడి చేత ఒకటి రెండు సీసాలు లెక్కపెట్టిస్తే, ముందే చెడ్డదని మనసులో అనుకున్న చెరువులో మనకు బ్రాకియోనస్‌లు ఎక్కువ కనిపించే జబ్బు బయటపడుతుంది.

ఫోన్‌ని మైక్రోస్కోప్ కంటిగొట్టం దగ్గర పెట్టి ప్రతి రకానికీ ఫొటో తీయండి. పేరు తప్పు పెట్టినా ఫొటో ఉంటే తర్వాత సరిచేసుకోవచ్చు.

ఇవేవీ చేయలేనివాళ్లకు

మైక్రోస్కోప్ దొరకకపోయినా సెక్కీ డిస్క్, తెల్లగుడ్డ, నెలకొకసారి ఒకే చోటి నుంచి తీసిన ఫొటో, ఈ మూడూ ఏడాది పాటు రాసిపెట్టండి, వడకట్టిన శాంపిళ్లను ఆల్కహాల్‌లో దాచిపెట్టండి. లెక్కపెట్టేవాళ్లు తర్వాత దొరుకుతారు, గడిచిపోయిన నెలల నీళ్లు మాత్రం దొరకవు. చేపల రైతులు చేసినట్టు 50 లీటర్లు వడకట్టి, గొట్టంలో చిటికెడు ఉప్పు వేసి, ఎన్ని మిల్లీలీటర్ల ప్లాంక్టన్ పేరుకుందో చూడటం మన పనికి చాలదు. మేత ఎంతుందో తెలుస్తుంది గానీ, అందులో కలనాయిడ్‌లు ఎన్ని, బ్రాకియోనస్‌లు ఎన్ని అన్నది తెలియదు.

ఫలితాలు ఎవరికి ఇవ్వాలి?

కనీసం మూడు నాలుగు నెలల అంకెలు, మంచి చెరువు అంకెలు పక్కపక్కన పెట్టి, నాలా ఎక్కడ కలుస్తోందో మ్యాప్ మీద గుర్తుపెట్టి కాలుష్య నియంత్రణ మండలికి, మున్సిపాలిటీకి లేదా పంచాయతీకి రాతపూర్వకంగా ఇవ్వండి. "చెరువు చచ్చిపోయింది" అని రాయకండి. "ఈ మూడు చోట్ల మొత్తం ఫాస్ఫరస్, నైట్రోజన్ పరీక్ష చేయించండి, నాలా దగ్గర ముందుగా" అని అడగండి. ల్యాబ్ పరీక్షకు పెట్టే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఏ నెలలో పెట్టాలో చూపించడమే మీ శాంపిళ్లు చేసే పని. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేసిన కాపీ తీసుకోండి, సీసాల్ని ఎండ తగలని చోట పెట్టి, ఆరు నెలలకొకసారి ఆల్కహాల్ ఆవిరై తగ్గిందేమో చూసి మళ్లీ పోస్తూ ఉండండి, ఎవరైనా మీ లెక్కను కాదంటే మూత తీసి మళ్లీ లెక్కపెట్టించవచ్చు.